సీ లైబ్రరీలో లొకేల్: ప్రాసెస్‌కు ఒకటి, థ్రెడ్‌కొకటి – ప్రాజెక్టు డైరీ

ఒక చిన్న సీ లైబ్రరీలో (సీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌లు వాడే మూల ఫంక్షన్ల సంపుటి) లొకేల్ విభాగాన్ని మళ్లీ రాస్తూ పెట్టుకున్న నోట్సు ఇది. లొకేల్ అంటే అంకెలు, తేదీలు, అక్షరాలు ఏ భాష, ఏ దేశం పద్ధతిలో ఉండాలో చెప్పే అమరిక. లినక్స్, ఎక్స్86-64, స్టాటిక్ లింకింగ్. ఏ భాషకూ చెందని డీఫాల్ట్ అయిన సీ లొకేల్‌ను పక్కన పెడితే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఒక్కటే. ఇంతకుముందు ఇందులో ఉన్నది సెట్‌లొకేల్ మాత్రమే: ప్రాసెస్ మొత్తానికి ఒకటే లొకేల్. ఇప్పుడు 2008 నాటి పోసిక్స్ (యునిక్స్ తరహా సిస్టమ్‌ల స్టాండర్డ్) ప్రకారం ప్రతి థ్రెడ్‌కూ (ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కన నడిచే పనుల్లో ఒక్కోదానికీ) సొంత లొకేల్ పెట్టుకునే వీలు రావాలి. ఇలాంటి పని తలకెత్తుకున్నవాళ్లు ఏది తీసుకోవచ్చో, ఎక్కడ దెబ్బ తింటారో తెలియడానికి రాస్తున్నాను.

దశ 0: అసలు ఇబ్బంది

ఒక థ్రెడ్ జర్మన్ లొకేల్‌లో స్క్రీన్ మీద అంకెలు చూపిస్తోంది. ఇంకో థ్రెడ్ జేసన్ ఫైలు చదువుతోంది. జర్మన్‌లో దశాంశానికి చుక్క కాదు, కామా. అందుకని స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే స్ట్ర్‌టాడ్‌కు 3.14 అనే స్ట్రింగ్ ఇస్తే 3 వచ్చింది, మిగతా ".14" అలాగే మిగిలిపోయింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ధర 3.14 కాస్తా 3 అయి కూర్చుంటుంది.

చాలామంది చేసే పని: సెట్‌లొకేల్‌తో సీకి మార్చి, చదివి, మళ్లీ జర్మన్‌కు మార్చడం. సింగిల్ థ్రెడ్‌లో పర్వాలేదు. రెండు థ్రెడ్లుంటే ఆ మధ్యలో స్క్రీన్ థ్రెడ్ కూడా సీ లొకేల్‌లో పడుతుంది. సెట్‌లొకేల్ థ్రెడ్ సేఫ్‌గా ఉండనక్కర్లేదని పోసిక్స్ తానే చెబుతోంది కాబట్టి ఈ దారి మూసేసినట్టే.

దశ 1: రాయాల్సినవి ఎన్ని

స్టాండర్డ్ తిరగేసి లెక్కేశాను. పేరు చివర ఎల్ తగిలించి, లొకేల్‌ను ఆర్గ్యుమెంటుగా తీసుకునే ఫంక్షన్లు ఇవి:

1. ఒక బైటు అక్షరాలవి (ఈజ్‌ఆల్ఫా, టులోవర్ వగైరా): 14
2. వైడ్ అక్షరాలవి (ఏ భాష అక్షరమైనా పట్టే పెద్ద గళ్లు): 18
3. స్ట్రింగ్ పోలికలు, స్ట్ర్‌ఎర్రర్, వైడ్ స్ట్రింగ్ పోలికలు: 9
4. స్ట్ర్‌ఎఫ్‌టైమ్ (తేదీలు), ఎన్ఎల్ లాంగ్‌ఇన్ఫో (లొకేల్ వివరాలు), స్ట్ర్‌ఎఫ్‌మాన్ (డబ్బు): 3

మొత్తం 44. వీటికి న్యూలొకేల్ (తయారీ), డూప్‌లొకేల్ (నకలు), ఫ్రీలొకేల్ (విడుదల), యూజ్‌లొకేల్ (థ్రెడ్‌కు పెట్టడం) నాలుగు, పాతవైన సెట్‌లొకేల్, లొకేల్‌కాన్వ్ రెండు కలిపితే 50.

ఈ జాబితాలో ప్రింట్ఎఫ్, స్ట్ర్‌టాడ్ లేవని గమనించండి. మ్యాక్‌లోనూ ఫ్రీబీఎస్‌డీలోనూ వాటికి ఎల్ రకాలు ఉన్నాయి, పోసిక్స్‌లో మాత్రం లేవు. అంటే జేసన్ గొడవ తీరాలంటే యూజ్‌లొకేల్ తప్ప వేరే దిక్కు లేదు. 44 రాసేసి అది వదిలేస్తే దశ 0 దగ్గరే ఉన్నట్టు.

లెక్క (అయినవి / మొత్తం): 0 / 50.

దశ 2: థ్రెడ్‌లో ఏం దాచాలి

లొకేల్ ఆబ్జెక్టు అంటే ఆరు పాయింటర్లు. సీటైప్, న్యూమరిక్, టైమ్, కొలేట్, మానిటరీ, మెసేజెస్ విభాగాలకు ఒక్కోటి. స్ట్రక్చర్ల సైజు చూపే పహోల్ టూల్‌తో కొలిస్తే 48 బైట్లు, మధ్యలో ఖాళీలు లేవు. లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో వీటికి తోడు పేపర్ సైజు, చిరునామా, టెలిఫోన్ లాంటి మరో ఆరు ఉన్నాయి. పోసిక్స్ అడగదు, నాకూ అక్కర్లేదు.

మొదటి డిజైన్‌లో ఆ 48 బైట్లనూ థ్రెడ్ లోకల్ స్టోరేజీలోనే (ప్రతి థ్రెడ్‌కూ విడిగా ఉండే మెమరీ) పెట్టాను. ప్రతి చదువుకూ ఒక మెమరీ లోడ్ ఆదా అవుతుందని లెక్క. అది మొదటి టెస్టులోనే పడిపోయింది. టెస్టు ఇది: థ్రెడ్ మొదలయ్యాక మెయిన్‌లో సెట్‌లొకేల్ పిలవాలి. ఆ థ్రెడ్ సొంత లొకేల్ ఏదీ పెట్టుకోలేదు గనక మార్పు దానికి కనబడాలి. కనబడలేదు. దాని దగ్గరున్నది పుట్టినప్పటి కాపీ.

మార్పు: థ్రెడ్‌లో ఒక్క పాయింటరే. సొంత లొకేల్ లేకపోతే అది గ్లోబల్ ఆబ్జెక్టును చూపిస్తుంది. థ్రెడ్‌కు 48 బైట్ల ఖర్చు 8కి దిగింది.

కొత్త థ్రెడ్ ఎప్పుడూ గ్లోబల్‌తోనే మొదలవుతుంది, పుట్టించిన థ్రెడ్ లొకేల్ వారసత్వంగా రాదు. గ్లిబ్‌సీ, మజిల్ (ఇంకో సీ లైబ్రరీ) రెండూ ఇలాగే చేస్తాయి.

దశ 3: యూజ్‌లొకేల్

పది లైన్లు దాటని ఫంక్షన్. మెలిక రిటర్న్ విలువలో ఉంది. బయటి ప్రపంచానికి గ్లోబల్ లొకేల్ అంటే ఎల్‌సీ గ్లోబల్ లొకేల్ అనే గుర్తు. గ్లిబ్‌సీలో, మజిల్‌లో అది -1ని పాయింటర్‌గా మార్చిన విలువ. లోపల మాత్రం నిజమైన అడ్రసు. కాబట్టి లోపలికి వచ్చేటప్పుడూ బయటికి వెళ్లేటప్పుడూ అనువాదం జరగాలి:

1. పాత పాయింటర్ తీసి పెట్టుకో.
2. ఇచ్చింది సున్నా అయితే ఏమీ మార్చకు.
3. ఇచ్చింది గుర్తు అయితే గ్లోబల్ ఆబ్జెక్టు అడ్రసు పెట్టు. లేకపోతే ఇచ్చింది ఇచ్చినట్టు పెట్టు.
4. పాతది గ్లోబల్ అడ్రసు అయితే గుర్తును తిరిగివ్వు.

నాలుగో అడుగు వదిలేసినా మామూలు టెస్టులన్నీ పాసవుతాయి. లోపలి అడ్రసు బయటికి పొక్కి, ఎవరైనా దాన్ని ఫ్రీలొకేల్‌కు ఇచ్చిన రోజు గ్లోబల్ లొకేల్ గల్లంతవుతుంది.

సెట్‌లొకేల్‌ను తిరగరాయడం పెద్ద పని కాలేదు. అది గ్లోబల్ ఆబ్జెక్టును మాత్రమే ముట్టుకోవాలి, పిలిచిన థ్రెడ్‌కు సొంత లొకేల్ ఉన్నా సరే. పేరు అడిగినా గ్లోబల్ పేరే చెప్పాలి. విండోస్ అలవాటున్నవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ థ్రెడ్‌వారీ పద్ధతి ఆన్ చేస్తే సెట్‌లొకేల్ ఆ థ్రెడ్‌కే పరిమితమవుతుంది.

మొదట పాసైన టెస్టు: రెండు థ్రెడ్లు, ఒకదానికి సీ, ఇంకోదానికి యూటీఎఫ్-8. రెండింటికీ "తెలుగు" అనే స్ట్రింగ్ ఇచ్చి వైడ్ అక్షరాలుగా మార్చమన్నాను. ఒక థ్రెడ్ 18 అంది, రెండోది 6 అంది. ఆరు కోడ్ పాయింట్లు, ఒక్కోటి మూడు బైట్లు. సీ లొకేల్‌లో ప్రతి బైటూ ఒక అక్షరం కాబట్టి 18 కూడా సరైన జవాబే.

లెక్క: 2 / 50. థ్రెడ్‌కు 8 బైట్లు.

దశ 4: అక్షరాల పట్టికలు

ఎక్కువ టైమ్ తిన్నది ఇదే.

ఈజ్‌ఆల్ఫా లాంటివి వేగంగా ఉండాలని గ్లిబ్‌సీ పద్ధతి తీసుకున్నాను. లక్షణాల పట్టిక 384 గళ్లు. క్యారెక్టర్ టైపు సైన్డ్ కావచ్చు, పైగా ఫైలు ముగిసిందని చెప్పే ఈవోఎఫ్ -1, అందుకే సూచిక -128 నుంచి 255 దాకా పోతుంది. గడికి రెండు బైట్లు, 768. చిన్న అక్షరం, పెద్ద అక్షరం మార్పిడి పట్టికలు గడికి నాలుగు బైట్ల చొప్పున 1536 ఒక్కోటి. మూడూ కలిపి 3840. ఈ మూడు పట్టికల అడ్రసులను ప్రతి థ్రెడ్‌లోనూ దాచాను. అదనంగా 24 బైట్లు, థ్రెడ్‌కు 32.

మొదటి దెబ్బ: కొత్త థ్రెడ్‌లో మొదటి ఈజ్‌స్పేస్ దగ్గరే సెగ్‌ఫాల్ట్ (చెల్లని అడ్రసు ముట్టుకుని క్రాష్). థ్రెడ్ లోకల్ పాయింటర్లు సున్నాతో మొదలవుతాయి. యూజ్‌లొకేల్ పిలిస్తేనే నిండుతాయి, పిలవని థ్రెడ్‌కు ఎవరు నింపుతారు? థ్రెడ్ మొదలయ్యే చోట నింపే కోడు పెట్టాను. క్రాష్ పోయింది.

రెండో దెబ్బకు క్రాష్ కూడా లేదు. మెయిన్ థ్రెడ్ సెట్‌లొకేల్ పిలిస్తే గ్లోబల్ మారుతుంది, పిలిచిన థ్రెడ్ దాచుకున్న అడ్రసులూ మారతాయి. మిగతా థ్రెడ్లవి? వాళ్ల స్టోరేజీలోకి చెయ్యి పెట్టడం కుదరదు. దశ 2 సమస్యే ఇది, 48 బైట్లు పోయి 24 వచ్చాయంతే. లొకేల్ మారినప్పుడల్లా పెరిగే జెనరేషన్ నంబరు పెట్టి, ప్రతి పిలుపులో సరిచూసి, పాతబడితే మళ్లీ నింపే ఉపాయం రాశాను. పనిచేసింది. కానీ ఆబ్జ్‌డంప్‌తో మెషిన్ కోడు చూస్తే ఆ సరిచూపుకే ఒక లోడ్, ఒక పోలిక, ఒక బ్రాంచ్. నేరుగా థ్రెడ్ పాయింటర్ పట్టుకుని పట్టికకు వెళ్లడం కంటే ఇది చవకేం కాదు.

అప్పుడు పట్టికల్లో ఏముందో చూద్దామని అన్ని లొకేళ్లవీ బయటికి తీసి డిఫ్ కొట్టాను. తేడా ఒక్క బైటు కూడా లేదు. యూటీఎఫ్-8లో 128 పైనున్న బైటు విడిగా ఏ అక్షరమూ కాదు, 128 కింద ఉన్నది ఆస్కీ. పట్టికలు వేరువేరుగా ఉండాల్సింది లాటిన్-1 లాంటి ఒక బైటు ఎన్‌కోడింగులకు. నా లైబ్రరీలో అవి లేవు. మజిల్‌లో ఈజ్‌ఆల్ఫా ఒక బిట్ ఆర్, ఒక తీసివేత, ఒక పోలికతో సరిపెట్టడానికి కారణం ఇదే.

మార్పులు:

1. మూడు పట్టికలూ తీసేశాను. 3840 బైట్లు ఆదా, అదీ లొకేల్‌కొకసారి.
2. థ్రెడ్‌లో దాచిన అడ్రసులు, జెనరేషన్ నంబరు, థ్రెడ్ మొదట్లో నింపే కోడు మూడూ పోయాయి.
3. ఒక బైటు ఫంక్షన్లు 14కూ లొకేల్ ఆర్గ్యుమెంటు ఉంటుంది, దాన్ని చూడవు.
4. వైడ్ ఫంక్షన్లలో పెద్ద, చిన్న అక్షరాల మార్పిడి మాత్రం లొకేల్‌ను చూస్తుంది. తుర్కీ లొకేల్‌లో చిన్న ఐకి పెద్ద అక్షరం చుక్కతో ఉండే ఐ. ఈ ఒక్క భాష కోసమైనా దారి తెరిచి ఉంచాలి.

లెక్క: 34 / 50. థ్రెడ్‌కు మళ్లీ 8 బైట్లు.

దశ 5: న్యూలొకేల్, ఫ్రీలొకేల్

న్యూలొకేల్‌కు మూడు ఆర్గ్యుమెంట్లు: ఏ విభాగాలు మార్చాలో చెప్పే మాస్క్, లొకేల్ పేరు, ఆధారంగా తీసుకోవాల్సిన పాత ఆబ్జెక్టు. గెలిస్తే పాత ఆబ్జెక్టును మార్చవచ్చు, లేదా ఫ్రీ చేసి కొత్తది ఇవ్వవచ్చు. ఏదైనా సరే, పిలిచినవాడు పాతదాన్ని మళ్లీ ముట్టకూడదు. ఓడితే మాత్రం పాతది చెక్కుచెదరకూడదు.

ముందు రాసిన కోడు ఒక్కో విభాగాన్నీ పాతదాంట్లోనే మారుస్తూ పోయేది. నాలుగో విభాగం ఫైలు లేకపోతే నల్ ఇచ్చి బయటికి వచ్చేది, ముందు మార్చిన మూడూ అలాగే ఉండిపోయేవి. ఇప్పుడు స్టాక్ మీద 48 బైట్ల తాత్కాలిక ఆబ్జెక్టులో అంతా కట్టి, అన్నీ దొరికాకే కాపీ చేస్తుంది. సెట్‌లొకేల్‌కూ ఇదే నియమం.

అసలైన విచిత్రం ఆ తర్వాత. సీ లొకేల్ అడిగిన ప్రతిసారీ మాలాక్‌తో కొత్త మెమరీ ఎందుకని ఒక స్టాటిక్ ఆబ్జెక్టు ఇస్తున్నాను. ఫ్రీలొకేల్‌లో స్టాటిక్‌వైతే ఫ్రీ చేయకుండా వదిలేసే చెక్ ఉంది. జేసన్ టెస్టు ఒంటరిగా నడిపితే పాస్, మొత్తం టెస్టులతో కలిపి నడిపితే ఫెయిల్. సీ లొకేల్‌లో ప్రింట్ చేసిన 3.14 కాస్తా "3,14" అని వస్తోంది! సీ లొకేల్ జర్మన్ మాట్లాడుతోందన్నమాట.

జీడీబీ డీబగ్గర్‌లో ఆ స్టాటిక్ ఆబ్జెక్టు న్యూమరిక్ పాయింటర్ మీద, ఎవరు రాసినా ఆపే వాచ్‌పాయింట్ పెట్టాను. రాస్తున్నది న్యూలొకేల్. ఇంకో టెస్టు ముందు సీ లొకేల్ తెచ్చుకుని, దాన్ని ఆధారంగా ఇచ్చి, న్యూమరిక్ మాత్రం జర్మన్ చేయమంటోంది. స్టాండర్డ్ ప్రకారం ఆ పిలుపు నూటికి నూరు పాళ్లు సబబే. "పాతదాన్ని మార్చవచ్చు" అన్న సౌకర్యం వాడుకుంటూ నా కోడు అందరూ పంచుకునే స్టాటిక్ ఆబ్జెక్టు మీదే రాసేసింది.

మార్పు: ఆధారం మాలాక్ చేసినదైతేనే అందులో రాయాలి, స్టాటిక్ అయితే కొత్తది ఇవ్వాలి. దాంతోపాటు స్టాటిక్ ఆబ్జెక్టును కాన్స్ట్ చేసి రీడ్ ఓన్లీ విభాగంలోకి తోశాను. ఇక ఎవరు రాయబోయినా అక్కడికక్కడే సెగ్‌ఫాల్ట్. టెస్టుల క్రమం మీద ఆధారపడే బగ్గు కంటే ఇది ఎంతో మేలు.

ఫ్రీలొకేల్ విషయంలో వాడేవాళ్లు పడే గుంట ఒకటుంది: థ్రెడ్‌లో పెట్టి ఉన్న లొకేల్‌ను తీయకుండానే ఫ్రీ చేయడం. అది స్టాండర్డ్ ప్రకారం నిర్వచనం లేని పని, లైబ్రరీ కాపాడలేదు. కనీసం వెంటనే పట్టుబడాలని డీబగ్ బిల్డులో ఫ్రీ చేసే ముందు ఆరు పాయింటర్లలోనూ 1 అనే అడ్రసు రాస్తున్నాను. సరైన వరుస ఇది:

1. ప్రోగ్రామ్ మొదట్లో ఒకసారి న్యూలొకేల్‌తో సీ లొకేల్ తయారుచేసుకోండి.
2. చదివే ముందు యూజ్‌లొకేల్ పిలిచి, తిరిగొచ్చిన పాతదాన్ని దాచండి.
3. స్ట్ర్‌టాడ్‌తో చదవండి.
4. యూజ్‌లొకేల్‌తో పాతదాన్ని తిరిగి పెట్టండి. ఎర్రర్ దారిలో బయటికి పోయేటప్పుడు కూడా.
5. ఏ థ్రెడ్డూ వాడటం లేదని తేలాకే ఫ్రీలొకేల్.

ఇక ఫైలు నుంచి తెచ్చిన లొకేల్ డేటా. దాన్ని ఎప్పటికీ ఫ్రీ చేయకూడదని తేల్చుకున్నాను. గ్లిబ్‌సీ వాడుక లెక్క పెట్టుకుంటుంది. మజిల్ ఒకసారి తెచ్చినదాన్ని జాబితాలో శాశ్వతంగా ఉంచుతుంది. నాది రెండో దారి. ఒక ప్రోగ్రామ్ వాడే లొకేళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఈ నిర్ణయం దశ 6లో అక్కరకొచ్చింది.

జాబితాకు ఒక లాక్ ఉంది. ఫోర్క్ (ప్రాసెస్‌కు నకలుగా పిల్ల ప్రాసెస్ పుట్టడం) జరిగే క్షణంలో ఇంకో థ్రెడ్ ఆ లాక్ పట్టుకుని ఉంటే పిల్ల ప్రాసెస్‌లో దాన్ని వదిలేవాళ్లుండరు. ఫోర్క్ ముందు లాక్ తీసుకుని, తర్వాత రెండు వైపులా వదిలేలా చేశాను.

లెక్క, డూప్‌లొకేల్‌తో కలిపి: 37 / 50.

దశ 6: ప్రింట్ఎఫ్ మధ్యలో లొకేల్ మారితే

స్ట్రింగ్ ఫంక్షన్లు, స్ట్ర్‌ఎఫ్‌టైమ్, ఎన్ఎల్ లాంగ్‌ఇన్ఫో కలిపి 11 మామూలుగా అయిపోయాయి. వాటి గురించి చెప్పేదేం లేదు.

ప్రింట్ఎఫ్ కోసం ఒక మొండి టెస్టు రాశాను. ఒక థ్రెడ్ గ్లోబల్‌ను ఇండియా ఇంగ్లిష్, జర్మన్ మధ్య ఆగకుండా మారుస్తూ ఉంటుంది. రెండో థ్రెడ్ 1234567.5ను వేల విభజనతో ప్రింట్ చేస్తూ ఉంటుంది. రావాల్సినవి రెండే: మన లక్షల పద్ధతిలో 12,34,567.5, లేదా జర్మన్ పద్ధతిలో 1.234.567,5. మధ్యమధ్యలో 12,34,567,5 అని వచ్చింది. విభజన ఒక లొకేల్‌ది, దశాంశం ఇంకో లొకేల్‌ది.

ఇలా మార్చడం స్టాండర్డ్ హామీ ఇచ్చే వాడుక కాదు, ఒప్పుకుంటా. అయినా బాగు చేయడం చవకే. మొదట ఫంక్షన్ మొదట్లో థ్రెడ్ పాయింటర్ ఒక్కసారి చదివి వాడుకున్నాను. అది చాలలేదు. ఆ పాయింటర్ చూపించేది గ్లోబల్ ఆబ్జెక్టును, దాని లోపలి న్యూమరిక్ పాయింటర్ మారిపోతూనే ఉంది. ఇప్పుడు ఆ లోపలి పాయింటర్‌నే ఒక్క అటామిక్ లోడ్‌తో (మధ్యలో తెగని చదువు) తెచ్చుకుని, దశాంశమూ విభజనా దాన్నుంచే తీస్తున్నాను. డేటా ఎప్పటికీ ఫ్రీ కాదు గనక పాత పాయింటర్ పట్టుకుని ఉన్నా ప్రమాదం లేదు.

టూల్ గురించి ఒక మాట. రేసులను (థ్రెడ్లు ఒకే చోటును అదుపు లేకుండా ముట్టుకోవడం) పట్టే థ్రెడ్ శానిటైజర్ సొంత సీ లైబ్రరీ కింద నడవదు, సిస్టమ్ లైబ్రరీ ఉందనుకుని కట్టింది అది. అందుకని మాక్రోలతో నా ఫంక్షన్ల పేర్లన్నిటికీ ముందు ఒక ఉపసర్గ తగిలించి, లొకేల్ విభాగాన్ని మామూలు లైబ్రరీలా గ్లిబ్‌సీ మీద లింక్ చేశాను. అప్పుడు రేసులన్నీ లైను నంబర్లతో సహా బయటపడ్డాయి.

లెక్క: 48 / 50.

దశ 7: లొకేల్‌కాన్వ్

లొకేల్‌లో అంకెలు, డబ్బు రాసే పద్ధతి చెప్పే ఫంక్షన్ ఇది. ఇది తిరిగిచ్చే స్ట్రక్చర్‌లో పది పాయింటర్లు, పద్నాలుగు చిన్న గళ్లు. 80, 14 కలిపి 94, అలైన్‌మెంట్‌తో 96 బైట్లు. ఒకే స్టాటిక్ కాపీ ఉంటే రెండు థ్రెడ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. థ్రెడ్ సేఫ్‌గా ఉండాలన్న నియమం లేదు, కానీ థ్రెడ్‌కో లొకేల్ ఇచ్చి ఇక్కడ కలగాపులగం చేస్తే అర్థం లేదు. థ్రెడ్ లోకల్‌లో పెడితే థ్రెడ్‌కు 104 బైట్లవుతుంది. ఎప్పుడో పిలిచే ఫంక్షన్ కోసం అంత ఎందుకనిపించి, ఆ 96 బైట్లను లొకేల్ డేటా లోడయ్యేటప్పుడే నింపి పెట్టాను. న్యూమరిక్, మానిటరీ రెండూ వేరే లొకేళ్లవి కావచ్చు కాబట్టి, అలాంటి జంట మొదటిసారి కనబడినప్పుడు దానికో కొత్త స్ట్రక్చర్ కట్టి అదే జాబితాలో ఉంచుతాను.

లెక్క: 49 / 50. థ్రెడ్‌కు 8 బైట్లే.

దశ 8: వైడ్ స్ట్రీమ్‌లు

జాబితాలో లేని పని, కానీ తప్పించుకోలేనిది. స్ట్రీమ్ వైడ్‌గా మారిన క్షణంలో ఉన్న ఎన్‌కోడింగే చివరిదాకా దానికి ఉండాలి. యూటీఎఫ్-8లో తెలుగు ఫైలు సగం చదివి, థ్రెడ్ సీ లొకేల్‌కు మారితే, మిగతా సగం కూడా యూటీఎఫ్-8గానే రావాలి. నాకు మాత్రం బైట్లు ముక్కలై వచ్చాయి.

మజిల్ దారిలో స్ట్రీమ్‌లోనే లొకేల్ పాయింటర్ దాచి, చదివే ముందు థ్రెడ్ పాయింటర్‌ను దాంతో మార్చి, తర్వాత తిరిగి పెట్టాను. టెస్టు పాసైంది. చిక్కు ఎక్కడంటే, నా స్ట్రీమ్ రాతలో లోపలి రైట్ పిలుపు థ్రెడ్ క్యాన్సిల్ కాగల చోటు. సరిగ్గా అక్కడ థ్రెడ్ క్యాన్సిల్ అయితే క్లీనప్ ఫంక్షన్లు అరువు లొకేల్‌లో నడుస్తాయి. దాంతో మార్పిడి పద్ధతి వదిలేసి, బైట్లను వైడ్ అక్షరాలుగా మార్చే లోపలి ఫంక్షన్లకు లొకేల్‌ను ఆర్గ్యుమెంటుగా ఇచ్చాను. బయటికి కనబడే పేర్లు థ్రెడ్ పాయింటర్ చదివి వాటిని పిలుస్తాయి. డిఫ్ పెద్దదైంది, థ్రెడ్ పాయింటర్‌ను మార్చే కోడు మాత్రం యూజ్‌లొకేల్ ఒక్కటే మిగిలింది.

మిగిలి ఉన్నవి

1. స్ట్ర్‌ఎఫ్‌మాన్ ఎల్ రకం. ఫార్మాట్ చదివే భాగం అయింది, గుర్తు స్థానాల టెస్టులు ఇంకా రాయాలి.
2. సెట్‌లొకేల్ అన్ని విభాగాలనూ మార్చేటప్పుడు ఆరు పాయింటర్లు ఒకదాని తర్వాత ఒకటి రాస్తోంది. మధ్యలో చూసిన థ్రెడ్‌కు సగం పాత, సగం కొత్త కనబడొచ్చు. దీన్ని ఇలాగే వదిలేస్తున్నాను.
3. థ్రెడ్ లొకేల్ పేరు అడిగే దారి 2008 పోసిక్స్‌లో లేదు. 2024 పోసిక్స్ అందుకు గెట్‌లొకేల్‌నేమ్ ఎల్ అనే ఫంక్షన్ చేర్చింది. పేర్లు ఎలాగూ డేటాతోపాటు శాశ్వతంగా ఉంటాయి కాబట్టి పాయింటర్ తిరిగిస్తే సరిపోతుంది. ఇది చేరితే పైన లెక్కలో 50 కాస్తా 51 అవుతుంది.